బొమ్మలో బరువు ఉండదు
(ఉన్నోళ్ల చూపు, లేనోళ్ల బతుకు – 6వ భాగం)



పోయిన భాగంలో కృష్ణా కాలువల కింద పాలేరు జీతాల గురించి రాశాను. అది చదివి చాలామంది విద్యార్థులు ఒకే ప్రశ్న అడిగారు. "అన్నా, కళ్లెదురుగా ఉన్న కష్టం వాళ్లకి ఎందుకు కనపడదు?"

కనపడుతుంది తమ్ముడూ. కనపడకుండా ఎలా ఉంటుంది? వాళ్ల పొలంలో నాటు వేసేది మనమే, వాళ్ల ఇంట్లో అంట్లు తోమేది మనమే. పొద్దున లేస్తే మన మొహాలే చూస్తారు. కాబట్టి కనపడుతుందా లేదా అని అడగొద్దు. ఏ రూపంలో కనపడుతుంది, ఆ రూపం వల్ల ఎవరికి ఎంత మిగిలింది అని అడుగుదాం. ఈ భాగమంతా దాని గురించే.

మా కొండపల్లి నుంచే మొదలుపెడతాను.

కొండపల్లి అనగానే అందరికీ గుర్తొచ్చేవి బొమ్మలు. ఈ కొండల్లో దొరికే తెల్లపొణికి కర్రతో చేస్తారు. చేతిలో పట్టుకుంటే ఉందా లేదా అన్నంత తేలిక. తల, చేతులు, కాళ్లు విడివిడిగా చెక్కుతారు. చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికిస్తారు. ఎండబెట్టి, సున్నం పూసి, రంగులు వేస్తారు. దశావతారాలు, అంబారీ ఏనుగు ఒక వరస. రెండో వరస పల్లె బతుకు. తాటిచెట్టు ఎక్కే గీత కార్మికుడు, రోకలి పట్టిన ఆడవాళ్లు, తిరగలి తిప్పే ముసలమ్మ, ఎడ్లబండి తోలే రైతు.

దసరాకో సంక్రాంతికో కలిగినోళ్ల ఇళ్లలో బొమ్మల కొలువు పెడతారు. మామూలుగా పై మెట్ల మీద దేవుళ్లు ఉంటారు, కింది మెట్ల మీద పనిచేసేవాళ్లు ఉంటారు. చూడవచ్చినవాళ్లు ఆ కింది మెట్టు దగ్గరే ఎక్కువసేపు ఆగి "ఎంత ముచ్చటగా ఉన్నారో" అంటారు. ముచ్చటగానే ఉంటారు. బొమ్మలో చెట్టు మీద ఉన్నవాడు ఎన్నటికీ జారిపడడు. నిజంగా చెట్టెక్కేవాడు ఒక్కసారి జారితే నడుం విరిగి మంచాన పడతాడు, ఇల్లంతా అప్పులపాలవుతుంది. బొమ్మలో దంచే మనిషికి చెమట పట్టదు. దంచిన బియ్యం ఎవరింటికి పోయాయి, ఆమె ఒళ్లోకి వచ్చిన నూకలెన్ని అన్న లెక్క ఆ బొమ్మలో లేదు.

ఇందులో బొమ్మలు చేసేవాళ్ల తప్పేమీ లేదు. బొమ్మల కాలనీలో పొద్దస్తమానం వంగి చెక్కే మనిషికి పని బరువు ఎంతో తెలుసు. ఆయన్నీ "మన సంస్కృతి, మన వారసత్వం" అంటూ పక్కన నిలబెట్టి ఫొటో తీసుకుంటారు. రోజుకు ఎంత గిట్టుబాటు అవుతుందని మాత్రం అడగరు. బొమ్మను చూసినట్టే బొమ్మ చేసేవాణ్నీ చూస్తారు.

మా అమ్మ కొన్నేళ్లు విజయవాడలో ఒక ఇంట్లో పనిచేసింది. కొలువు పెట్టే రోజుల్లో బొమ్మల దుమ్ము తుడిచే పని కూడా ఆమెదే. వడ్లు దంచే బొమ్మ తుడుస్తుంటే ఆ ఇంటావిడ "జాగ్రత్త, చేతులు ఊడొస్తాయి" అనేదట. మక్కుతో అతికించిన చేతులు కదా, ఆవిడ చెప్పింది నిజమే. అమ్మ ఇంటికొచ్చి ఆ మాట చెప్పి నవ్వేది. "నా భుజం పట్టేసి నెలైంది, అది మాత్రం ఆవిడకి తెలవదు." ఆవిడ చెడ్డ మనిషి కాదు, పండక్కి చీర పెట్టేది. చూపు గురించి మాట్లాడేటప్పుడు మంచీ చెడూ అన్న తూకం పెద్దగా పనికిరాదని నేను అనేది ఇందుకే.

ఇది ఒక రకం చూపు. పేదోడు ముచ్చటైన బొమ్మ. రెండో రకం ఇంకా పాతది, ఇంకా ప్రమాదం. అందులో పేదోడు ఒక పొట్ట. ఆ పొట్టకి ఎంత పోస్తే చావకుండా ఉంటుంది అన్నదే లెక్క.

మన ప్రాంతంలో కరువులకి జనం పేర్లు పెట్టుకున్నారు. 1832–33లో గుంటూరు సీమలో వచ్చినదాన్ని నందన కరువు అన్నారు, డొక్కల కరువు అన్నారు. సుమారు అయిదు లక్షల జనంలో మూడో వంతుకు పైగా చచ్చిపోయారు. రెక్కాడితే గాని డొక్కాడదు అనే మనవాళ్లకి ఆ ఏడు రెక్కాడించే పనే లేదు. ఆ తర్వాతే ఆనకట్టల ఆలోచన గట్టిపడింది. బెజవాడ దగ్గర కృష్ణ మీద ఆనకట్ట 1852లో మొదలై 1855లో పూర్తయింది. డెల్టా పచ్చబడింది. భూమి ఉన్నవాడు మోతుబరి అయ్యాడు. భూమి లేనివాడు ఆ మోతుబరికి పాలేరు అయ్యాడు.

తర్వాత ధాత కరువు, 1876–78. బళ్లారి, కర్నూలు, కడప, నెల్లూరు జిల్లాలు మాడిపోయాయి. బ్రిటిష్ ఏలుబడి ప్రాంతాల్లోనే సుమారు 55 లక్షల మంది పోయారని అంచనా. 1877 జనవరి 1న ఢిల్లీలో విక్టోరియాను చక్రవర్తినిగా ప్రకటిస్తూ వైస్రాయి లిట్టన్ దర్బారు చేశాడు, విందులు చేశాడు. అదే నెలలో అతను పంపిన రిచర్డ్ టెంపుల్ మద్రాసు రాష్ట్రంలో దిగాడు. కరువు పనిలో రోజంతా మట్టి మోసే మగమనిషికి ఒక పౌను ధాన్యం, ఒక అణా చాలు అని తేల్చాడు. పౌను అంటే 450 గ్రాములు. ఆడవాళ్లకీ పిల్లలకీ ఇంకా తక్కువ. ఎక్కువ ఇస్తే జనం సర్కారు మీద ఆధారపడటానికి అలవాటు పడతారని వాదన.

ఇదే టెంపుల్ 1873–74 బీహారు కరువులో బర్మా నుంచి బియ్యం తెప్పించి జనాన్ని బతికించాడు. చావులు చాలా తక్కువ. దానికి అతనికి దక్కింది మెప్పు కాదు, దుబారా చేశాడన్న తిట్టు. ప్రాణాలు నిలబెట్టినందుకు తిట్లు తిన్నవాడు రెండోసారి ఆ పొరపాటు చేయదల్చుకోలేదు. కాబట్టి అతనికి మన ఆకలి తెలియదనుకోకండి. తెలుసు. ఎంత ఇస్తే బతుకుతారో కూడా తెలుసు.

మద్రాసు శానిటరీ కమిషనరు డాక్టర్ కార్నిష్ ఎదురు చెప్పాడు. కష్టం చేసే మనిషికి 680 గ్రాములైనా ధాన్యం కావాలి, దానితో కూరగాయలూ పప్పూ ఉండాలి అన్నాడు. కొన్ని నెలలకి మద్రాసు సర్కారు 570 గ్రాములకి పెంచి, 43 గ్రాముల పప్పు కలిపింది. బొంబాయి రాష్ట్రంలో కరువు కూలీలు పనులు వదిలి బయటికొచ్చేశారు. ఆకలితో ఉన్న మనిషి సమ్మె చేశాడంటే అర్థం చేసుకోండి, పొట్టతో పాటు మనిషికి ఇంకోటి ఉంటుంది. ఆ రోజుల్లో మద్రాసులో కూవం, అడయారు నదుల్ని కలుపుతూ కరువు కూలీలు కాలువ తవ్వారు. ఆ కాలువకి అప్పటి గవర్నరు బకింగ్‌హాం పేరు పెట్టారు. తవ్వినవాళ్లలో ఒక్కరి పేరైనా మనకి తెలుసా?

ఇప్పుడు ఆ వాదన చచ్చిపోయిందనుకుంటున్నారా? 1983లో ఎన్టీఆర్ కిలో రెండు రూపాయల బియ్యం ఇస్తే జనం సోమరిపోతులవుతారు అన్నారు. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఉపాధి హామీ మొదలైంది. అప్పటినుంచి డెల్టాలో ఏ రచ్చబండ దగ్గర కూర్చున్నా ఒకటే మాట. "ఈ పథకాలొచ్చి కూలోళ్లు దొరకట్లేదండీ, తినమరిగారు." ఏడాదికి వంద రోజుల పని అడిగినందుకు తినమరిగారట! కాలవ కింద నీళ్లు, మద్దతు ధర, ఎరువుల సబ్సిడీ, రుణమాఫీ తీసుకునేటప్పుడు ఎవరూ తినమరగరు. అది హక్కు. మన దగ్గరికొచ్చేసరికి అది దానం అవుతుంది. టెంపుల్ పోయి నూరేళ్లు దాటింది, అతని కాటా మాత్రం మన ఊళ్లలో ఇంకా తూకం వేస్తూనే ఉంది.

మూడో రకం చూపులో పేదోడు, అందులోనూ మాల మాదిగలు, ఒక భయం, ఒక అనుమానం.

1917 నవంబరు 4, 5, 6 తేదీల్లో బెజవాడలో ప్రథమ పంచమ మహాసభ జరిగింది. హైదరాబాదు నుంచి భాగ్యరెడ్డి వర్మ వచ్చి అధ్యక్షత వహించాడు. ఊళ్లోకి ఇంతమంది అంటరానివాళ్లు వస్తున్నారు, గుడిలోకి జొరబడతారేమో అన్న భయంతో ఆ మూడు రోజులూ ఇంద్రకీలాద్రి మీద కనకదుర్గ గుడి తలుపులు మూసేశారు. ఇది గట్టిగా గుర్తుపెట్టుకోండి. వచ్చినవాళ్లు సభ పెట్టుకోడానికి వచ్చారు. బడుల గురించి, బావుల గురించి, భూముల గురించి మాట్లాడుకోడానికి వచ్చారు. కొండ మీద వాళ్లకి మాత్రం వీళ్లు మైలగానే కనపడ్డారు.

1968లో మాకు దగ్గర్లోనే, హైదరాబాదు రోడ్డు మీద ఉన్న కంచికచర్లలో, కోటేశు అనే దళిత యువకుణ్ని దొంగతనం చేశాడన్న నెపంతో స్తంభానికి కట్టి, కిరసనాయిలు పోసి తగలబెట్టారు. విచారణ లేదు, సాక్ష్యం లేదు. పేదోడైతే చాలు, దొంగ అని వేరే రుజువు అక్కర్లేదు. ఆ కంచికచర్లలోనే పుట్టిన కలేకూరి ప్రసాద్ తర్వాత "పిడికెడు ఆత్మగౌరవం కోసం" కవితలో కోటేశు పేరును తన పేరు చేసుకున్నాడు.

1985 జులై 17, కారంచేడు. గొడవ మొదలైంది ఒక చెరువు దగ్గర. పశువుల కుడితి బకెట్టు కడిగిన మురికి మాదిగపల్లె తాగే నీళ్లలో పడింది. కడిగినవాడికి అది చెరువు, అంతే. బిందె పట్టుకుని నిలబడ్డ మున్నంగి సువార్తకి అది తన పిల్లలు తాగే నీళ్లు. ఒకే నీళ్లు, రెండు చూపులు. ఆమె ఎదురు తిరిగింది. దానికి ఆరుగురు మాదిగల ప్రాణాలు తీశారు.

నాలుగో రకం మీరు నిన్నమొన్న చూసిందే. 2024 సెప్టెంబరు 1న బుడమేరు విజయవాడను ముంచింది. మా కొండపల్లి వైపు డైవర్షన్ ఛానలుకి గండ్లు పడ్డాయి. ఆ నీళ్లు పోయి సింగ్‌నగర్ ఇళ్లల్లో నిలబడ్డాయి. ముసలోళ్లు, పసిపిల్లలు రోజుల తరబడి మేడల మీద బిక్కుబిక్కుమంటూ గడిపారు. అప్పుడు వాట్సాప్ గ్రూపుల్లో కొందరు పెద్దమనుషులు ఏం రాశారో మీరూ చదివే ఉంటారు. "వాగులో ఇళ్లు కట్టుకుంటే మునగరా?"

మిట్టనున్న స్థలం గజం ఎంత పలుకుతుందో తెలిసినవాళ్లే ఈ మాట అన్నారు. పనికి దగ్గరగా ఉండాలి, అద్దె కట్టగలగాలి అనుకునే కుటుంబానికి నగరం వదిలిపెట్టింది పల్లాన్నే. ఇంకో సంగతి చూడండి. కృష్ణ కరకట్ట లోపల, నది కడుపులోనే కట్టిన అతిథిగృహాన్ని "రివర్ వ్యూ" అంటారు. బుడమేరు ఒడ్డున వేసుకున్న రేకుల ఇంటిని "ఆక్రమణ" అంటారు. అక్కడా నీళ్లే, ఇక్కడా నీళ్లే. పేరు మాత్రం ఇంటి యజమానిని బట్టి మారిపోతుంది.

ఈ నాలుగింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. బొమ్మ అంటే కూలి అడగనక్కర్లేదు. పొట్ట అంటే కూలి తగ్గించొచ్చు. అనుమానం అంటే చంపొచ్చు. ఆక్రమణ అంటే నష్టపరిహారం ఎగ్గొట్టొచ్చు. అందుకే నేను వాళ్ల చూపును అమాయకత్వం అనను. ప్రతి చూపు వెనకా ఒక ఖాతా పుస్తకం ఉంది. "వాళ్లకి మన బాధ తెలియజెప్తే మారతారు" అని నమ్మి ఉద్యమాలు నడిపేవాళ్లు ఈ సంగతి ఆలోచించాలి. కథలు రాద్దాం, సినిమాలు తీద్దాం, వద్దని అనను. కానీ జాలి పుట్టించడం ఒకటి, కూలి పెంచడం ఇంకోటి. కన్నీళ్లు తుడుచుకుని మళ్లీ పాత కూలే ఇచ్చినవాళ్లని మనం చాలామందిని చూశాం.

మరి ఏం చేయాలి? బెజవాడ సభకే మళ్లీ పోదాం. గుడి తలుపులు మూశారని భాగ్యరెడ్డి వర్మ కొండ కింద నిలబడి బతిమాలలేదు. సభలో లేచి అసలు ఈ "పంచమ" అనే మాటే ఏ పురాణంలోనూ లేదన్నాడు. ఈ నేల మొదటి బిడ్డలం మేము అన్నాడు. పంచమ మహాసభగా మొదలైనది ఆది ఆంధ్ర మహాసభ అయింది. అయిదేళ్లకి, 1922లో, మద్రాసు ప్రభుత్వం కూడా తన కాయితాల్లో పాత పేర్లు తీసేసి ఆది ఆంధ్ర, ఆది ద్రావిడ అని రాయక తప్పలేదు. వాళ్ల చూపు మారేదాకా మనవాళ్లు ఆగలేదు. తమ పేరు తామే పెట్టుకుని, తమ లెక్క తామే చెప్పారు.

ఆ లెక్క ఇంకా పూర్తి కాలేదు. అది మీ పని. ఈ సెలవుల్లో ఊరికి పోయినప్పుడు ఒక నోటు పుస్తకం పట్టుకుపోండి. అమ్మమ్మనో నాయనమ్మనో కూర్చోబెట్టి అడగండి. నాటుకి పోతే కూలి ఎన్ని మానికలు? కోత రోజుల్లో ఎన్నింటికి లేచేవాళ్లు? పాలేరుగా ఉన్న తాత ఏడాదికి ఎంత తీసుకున్నాడు, ఎంత అప్పు కింద జమ చేసుకున్నారు? పరిగె ఏరుకోనిచ్చింది ఎవరు, తరిమింది ఎవరు? తాగే నీళ్లు ఎక్కడివి? చెప్పింది చెప్పినట్టు రాయండి. సొగసు చేయొద్దు, ఏడుపు కలపొద్దు. ఊరి పేరు, ఏడు, కొలత, రూపాయి తప్పకుండా రాయండి. టెంపుల్ దగ్గర గ్రాములతో సహా లెక్క ఉంది. మన దగ్గర కూడా ఉండాలి.

త్వరగా రాయండి. ఆ లెక్క తెలిసినవాళ్లు ఏడాదికి కొంతమంది వెళ్లిపోతున్నారు.

వచ్చే భాగంలో పరిగె గురించి, కల్లం దగ్గర కొలతల్లో జరిగిన మోసాల గురించి మాట్లాడుకుందాం. మీరు రాసుకొచ్చింది నాకు పంపండి, అందులోంచే మొదలుపెడతాను.

జై భీమ్.
(ఇంకా ఉంది)