షెడ్యూలుకెక్కని గాయం

తమిళనాడులోని రాజపాళయం దగ్గర, పడమటి కనుమల నీడలో ఉంది మంసాపురం. తరాల కిందట ఆంధ్రదేశం నుంచి వలస వెళ్లిన రాజుల ఇళ్లలో నేటికీ తెలుగు వినిపించే ప్రాంతమిది. 1936లో పి.ఎ.సి. రామస్వామి రాజా రాజపాళయంలో మిల్లు పెట్టారు. 1944లో తామ్రపర్ణి నీటితో పాపనాశం విద్యుత్కేంద్రం మొదలయ్యాక దక్షిణ జిల్లాల్లో కరెంటు వాడకం పెరిగింది. మిల్లుల తరవాత మరమగ్గాల షెడ్లు లేచాయి. పక్కనున్న సత్రపట్టి ఆస్పత్రులకు కట్టుగుడ్డ నేసే ఊరుగా పేరుపడింది. ఈ చరిత్రను నూలు, పెట్టుబడి లెక్కలతో చెబుతుంటారు. కరెంటు దెబ్బతిన్న ఒళ్ల లెక్కతోనూ చెప్పాలి. ఆ దెబ్బను కొలిచే పద్ధతిలోనే మొదటినుంచీ తేడా ఉంది.

పనివాళ్ల పరిహార చట్టం 1923లో వచ్చి, 1924 జూలై 1న అమలైంది. పని వల్ల దెబ్బ తగిలితే చాలు, యజమాని తప్పును రుజువు చేయనక్కర్లేదంది. మనిషి చనిపోతే 30 నెలల జీతం, లేదా రూ.2,500, ఏది తక్కువైతే అది. మొదటి షెడ్యూలు చేతికింత, కాలికింత, వేలికింత అని శాతాలు కట్టింది. పళ్లచక్రాలు, బెల్టులు తెంపేది కంటికి కనబడే అవయవాన్నే కాబట్టి ఆనాటి మిల్లుకు ఆ లెక్క సరిపోయింది. కరెంటు దెబ్బ అలాంటిది కాదు. చేతిలో దూరి పాదం గుండా నేలకు దిగేటప్పుడు చర్మం మీద చిన్న మచ్చే మిగిల్చి, లోపల కండనూ నరాలనూ కాల్చగలదు. పాడైన కండ నుంచి రక్తంలో కలిసే పదార్థం మూత్రపిండాలను దెబ్బతీయగలదు. హైవోల్టేజి దెబ్బ తిన్న కొందరికి నెలల తరవాత కంట్లో శుక్లం వస్తుంది. పట్టు తప్పిన వేళ్లు ఊడిపోలేదు కాబట్టి షెడ్యూలు దృష్టిలో అవి ఉన్నట్టే. చట్టం తలుపు మాత్రం పూర్తిగా మూయలేదు: షెడ్యూలులో లేని గాయానికి సంపాదనాశక్తి ఎంత తగ్గిందో చూసి ఇమ్మంది. 1975లో ప్రతాప్ నారాయణ్ సింగ్ దేవ్ కేసులో సుప్రీంకోర్టు ఆ చూపునే నిలబెట్టింది. ఎడమచెయ్యి పోయిన వడ్రంగికి నూటికి నూరు నష్టం జరిగిందంది. ఒంటిచేత్తో వడ్రంగం సాగదు కదా. తెగిన పోగు అతకలేని మగ్గంవాడి వేళ్లకూ ఇదే కొలత వర్తించాలి.

స్విచ్ ఆపకుండా మగ్గాన్ని ముట్టుకుంది ఆ పనివాడే కదా అంటారు. చట్టం వట్టి అజాగ్రత్తను సాకుగా ఒప్పుకోలేదు. తాగి ఉండటం, భద్రతా నియమాన్ని తెలిసి ధిక్కరించడం, రక్షణ పరికరాన్ని కావాలని తీసేయడం మాత్రమే సాకులు. మనిషి చనిపోతే అవీ చెల్లలేదు. నేసిన గుడ్డను బట్టి కూలి ఇచ్చేచోట మగ్గం ఆగితే కూలీ ఆగుతుంది, ఆ తొందర పనిలోంచే పుడుతుంది. రెండో అభ్యంతరానికి బరువెక్కువ: పది మగ్గాలైనా లేని యజమాని అంత సొమ్ము ఎక్కడ తెస్తాడు? నిజమే, అతనూ చాలాసార్లు అప్పుల్లోనే ఉంటాడు. దానికి దారి బీమా. ప్రమాదం ఖర్చు గుడ్డ ధరలో చేరాలి గానీ ఒక్క కుటుంబం నెత్తిన పడకూడదు. పైగా 1948 ఫ్యాక్టరీల చట్టం, కరెంటు వాడే చోట పదిమంది పనివాళ్లుంటేనే ఫ్యాక్టరీ అంది. ఆ చట్టపు తనిఖీ అందని చిన్న షెడ్డులో పనివాడికి మిగిలిన ఆసరా పరిహారమే.

లోపలి గాయానికి కాగితమే సాక్ష్యం. మొదటిరోజు ఆస్పత్రి చీటీలో కరెంటు షాక్ అని రాయకపోతే, 2003 విద్యుత్ చట్టం 161వ సెక్షను ప్రకారం ఇన్‌స్పెక్టరుకు కబురు వెళ్లకపోతే, ఏడాది తరవాత ఆ వేళ్లు ఎందుకు ముడుచుకోవడం లేదో నిరూపించడం కష్టం. కొంత డబ్బు చేతిలో పెట్టి ఇక అడగనని రాయించుకున్నా, పరిహార చట్టం 17వ సెక్షను ఆ రాతను చెల్లనివ్వలేదు. తన వ్యాపారపు పనినే కాంట్రాక్టరుకు ఇచ్చిన యజమానిని 12వ సెక్షను తప్పించుకోనివ్వలేదు.