నల్లా దగ్గర తడి ఆరడం లేదా? అంబ్రెల్లా పామ్ పెట్టి చూడండి

నల్లా కింద, బోరింగు దగ్గర, కూలర్ నీళ్లు కారే చోట నేల ఎప్పుడూ తడిగానే ఉంటుంది. అక్కడ గులాబీ పెట్టినా, మల్లె పెట్టినా వేర్లు కుళ్లి చనిపోతాయి. అలాంటి చోటుకు సరిపోయే మొక్క నర్సరీల్లో ‘అంబ్రెల్లా పామ్’ పేరుతో దొరుకుతుంది. పేరులో పామ్ ఉన్నా ఇది తాటి, ఈత జాతి కాదు. మన పొలాల్లో మొలిచే తుంగ కుటుంబానిది. శాస్త్రీయ నామం సైపరస్ ఆల్టర్నిఫోలియస్. పూర్వం ఈజిప్టులో కాగితంలా వాడిన పాపిరస్ కూడా దీని బంధువే. కాడ 3 నుంచి 5 అడుగులు పెరుగుతుంది. కొసన సన్నని ఆకులు గొడుగు ఊచల్లా విచ్చుకుంటాయి.

ఎలా నాటాలి?

మట్టిలో బాగా మాగిన పశువుల ఎరువు కలిపి నాటాలి. ఉదయం ఎండ, మధ్యాహ్నం నీడ ఉంటే మంచిది. నీళ్లకు లోటు లేకపోతే పూర్తి ఎండకూ తట్టుకుంటుంది. నేల ఎండితే ముందు ఆకుల కొసలు గోధుమ రంగుకు మారతాయి. అది కనిపించగానే నీళ్లు పెట్టేయాలి. ఎండిన కాడల్ని మొదలు దాకా కోసేస్తే కొత్తవి వస్తాయి.

ఒక మొక్క నుంచి పది మొక్కలు

గొడుగు కింద రెండు మూడు అంగుళాల కాడ ఉంచి కోయండి. ఆకుల్ని సగానికి కత్తిరించి, తలకిందులుగా గ్లాసు నీళ్లలో పెట్టండి. రెండు మూడు వారాల్లో వేర్లు, చిన్న పిలకలు వస్తాయి. అప్పుడు కుండీలోకి మార్చుకోవచ్చు. వానాకాలంలో పెద్ద దుబ్బును విడదీసి కూడా నాటుకోవచ్చు.

ఈ రెండూ మర్చిపోవద్దు

మొక్కకు కావాల్సింది తడి నేల, నిలవ నీళ్లు కాదు. డెంగీ దోమ గుడ్డు వారం పది రోజుల్లోనే దోమ అయిపోతుంది. కుండీ కింద పళ్లెం పెట్టినా, గ్లాసులో వేర్లు వేయించినా నాలుగైదు రోజులకోసారి నీళ్లు పారబోయాలి. గుడ్లు అంచులకు అంటుకుని ఉంటాయి కాబట్టి గోడలు రుద్ది కడగాలి. ఇంట్లో చిన్నపిల్లలుంటే ఈ పని అసలు వాయిదా వేయకూడదు.

రెండోది, కోసిన గొడుగుల్ని కుంటలో, నాలాలో పారేయొద్దు. తడి తగిలితే అక్కడే వేళ్లూని, గట్టంతా అల్లుకుపోతుంది. చాలా దేశాల్లో కాలువల వెంట ఇలాగే కలుపుగా మారింది. బాగా ఎండబెట్టాకే చెత్తబండికి వేయండి.