చక్రాల ఇంటిలోని ఘాటు: ఒక జిగురు చరిత్ర

అమెరికా విహార వాహనాల పరిశ్రమకు కేంద్రమైన ఇండియానా రాష్ట్రపు ఎల్కార్ట్ పరిసరాల్లో ఇరవయ్యో శతాబ్దం ఉత్తరార్ధంలో తయారైన ట్రావెల్ ట్రైలర్లు, అంటే కారుకో చిన్న ట్రక్కుకో తగిలించి లాక్కుపోయే చక్రాల ఇళ్లు, తేలికగా ఉండాలి, చవకగా ఉండాలి అనే రెండు నియమాలకు లోబడి రూపుదిద్దుకున్నాయి. గట్టి కలప బరువు గనుక దాని స్థానంలో పలుచని ప్లైవుడ్డూ, చెక్కపొట్టును జిగురుతో కలిపి వేడి మీద అదిమి చేసే పార్టికల్ బోర్డూ, కలప నారతో చేసే ఎండీఎఫ్ పలకలూ వచ్చి గోడలను, నేలను, అలమరలను, మంచాల కింది పెట్టెలను ఆక్రమించాయి. కొత్త ట్రైలరు తలుపు తీయగానే కళ్లు మండించి గొంతు పట్టేసే ఘాటులో ప్రధాన భాగం ఆ చెక్కది కాదు, దానిని పట్టి ఉంచిన జిగురుది.

తొలినాళ్ల ప్లైవుడ్ పరిశ్రమ జంతువుల ఎముకలు, చర్మాల నుంచి తీసిన బంకనూ, పాలలోని కేసీన్‌నూ, సోయా పిండినీ జిగురుగా వాడుకుంది. 1930ల నుంచి వాటిని క్రమంగా పక్కకు నెట్టిన యూరియా-ఫార్మాల్డిహైడ్ రెజిన్ చవకైనది, రంగు అంటనిది, వేడి తగలగానే నిమిషాల్లో గట్టిపడేది. ఇందులో యూరియాతో జతకట్టే ఫార్మాల్డిహైడ్ అనే వాయువును 1859లో రష్యన్ శాస్త్రవేత్త బట్లెరోవ్ గమనించగా, 1867లో జర్మన్ శాస్త్రవేత్త హాఫ్‌మన్ స్పష్టంగా గుర్తించాడు. వైద్య కళాశాలల్లో శరీర భాగాలను చెడకుండా ఉంచే ఫార్మలిన్ నీటిలో కరిగించిన ఈ వాయువే. రెజిన్‌కు ఒక పుట్టులోపం ఉంది: తేమా వేడీ కలిసి తగిలినప్పుడు యూరియాకూ ఫార్మాల్డిహైడ్‌కూ మధ్య బంధం నీటి చేత తెగిపోతుంది, దీనినే జలవిశ్లేషణ అంటారు. అందువల్ల పలకలో కలవకుండా మిగిలిపోయిన వాయువు మొదటి నెలల్లో ఎక్కువగా బయటపడి తగ్గినా, తెగుతున్న బంధాల నుంచి వచ్చేది ఏళ్ల తరబడి కొనసాగుతుంది. కొన్నాళ్లు కిటికీలు తెరిచి ఉంచితే పోతుందనే వాడుక మాటలో సగం నిజమే ఉండటానికి కారణం ఇది.

ఇంధన సంక్షోభం తరువాత ఇళ్లను గాలి చొరబడకుండా బిగించడం మొదలైన 1970లలో ఈ సమస్య బయటపడింది. పశ్చిమ జర్మనీ ఆరోగ్య అధికారులు 1977లో ఇంటి గాలికి 0.1 పీపీఎం, అంటే పది లక్షల పాళ్లలో పదో వంతు పాలు, హద్దుగా సూచించారు. అమెరికా గృహనిర్మాణ శాఖ 1984లో మొబైల్ హోమ్‌లలో, అంటే కర్మాగారంలో కట్టి తెచ్చి నివాసానికి నిలిపే ఇళ్లలో, వాడే పలకలను పరీక్షగదిలో ఉంచి కొలిచినప్పుడు ప్లైవుడ్ 0.2, పార్టికల్ బోర్డు 0.3 పీపీఎం దాటరాదని నియమం పెట్టింది. ట్రావెల్ ట్రైలరు మాత్రం చట్టం దృష్టిలో ఇల్లు కాదు, సెలవులకు వాడుకునే వాహనం. కనుక అదే పలకలతో, అంతకన్నా ఇరుకుగా కట్టిన గది ఏ నియమానికీ లోబడకుండా మిగిలింది. మనుషులు పీల్చే గాలిని కాక, వస్తువుకు పెట్టిన వర్గాన్ని చూసి రక్షణను నిర్ణయించిన ఈ పద్ధతి పెద్ద తప్పిదం, దాని మూల్యం ఇరవై ఏళ్ల తరువాత పేదలు చెల్లించారు.

2005 ఆగస్టులో కత్రినా తుపాను లూయిసియానా, మిసిసిపీ తీరాలను ముంచెత్తినప్పుడు, ఫీమా అనే కేంద్ర విపత్తు సంస్థ హడావుడిగా కొన్న ట్రైలర్లలోకి లక్షకు పైగా కుటుంబాలు చేరాయి. సుమారు 240 చదరపు అడుగుల పెట్టెలో, గాలి పరిమాణంతో పోలిస్తే పలకల వైశాల్యం మామూలు ఇంటికన్నా చాలా ఎక్కువ. పైగా మెక్సికో గల్ఫ్ తీరపు ఉక్కపోత జలవిశ్లేషణకు కావలసిన వేడినీ తేమనూ సమకూర్చింది. వారాంతపు విహారానికి కట్టిన గదుల్లో పిల్లలూ వృద్ధులూ నెలలు, ఏళ్లు గడిపి, తలనొప్పి, ముక్కు నుంచి రక్తం, ఉబ్బసం వంటి బాధలు చెప్పుకున్నారు. 2006లో సియెరా క్లబ్ అనే పర్యావరణ సంఘం స్వయంగా కొలతలు తీసి సమస్యను బహిరంగపరచింది. అదే ఏడాది ఖాళీగా ఉన్న 96 ట్రైలర్లలో జరిగిన ప్రభుత్వ పరీక్షలో మూసి ఉంచిన గదుల సగటు 1.04 పీపీఎం కాగా, ఏసీ నడిపి స్నానాల గది గాలితూము తెరిస్తే 0.39కి, కిటికీలన్నీ తెరిస్తే 0.09కి దిగింది. గాలి మార్పిడి శక్తిని ఇంత స్పష్టంగా చూపిన కొలత అరుదు; అయితే ఆగస్టు ఎండలో కిటికీలు తెరిచి బతకమనడం పరిష్కారం కాదు. 2007లో హెన్రీ వాక్స్‌మన్ అధ్యక్షతన అమెరికా కాంగ్రెస్ కమిటీ విచారణ జరిపాక, వ్యాధి నియంత్రణ సంస్థ ఆ శీతకాలంలో మనుషులున్న 519 ట్రైలర్లను, మొబైల్ హోమ్‌లను పరీక్షించి, సగటున 0.077 పీపీఎం, గరిష్ఠంగా 0.59 పీపీఎం కనుగొంది. వేసవి రాకముందే నివాసులను తరలించమని 2008 ఫిబ్రవరిలో సలహా ఇచ్చింది.

ఘాటును తగ్గించే ఉపాయాలు అంతకు ముందూ లేకపోలేదు. సాధారణ బొగ్గు వడపోత ఇంత చిన్న, తేలికైన అణువును సరిగా పట్టలేదు గనుక, పొటాషియం పర్మాంగనేట్ పట్టించిన గుళికలతో దానిని రసాయనికంగా మార్చేవారు. అమోనియా పొగ పెట్టి హెక్సామీన్ అనే ఘనపదార్థంగా బంధించేవారు. లోపల వేడి పెంచి ఆపై గాలి వదిలేవారు. పలకల కోసిన అంచులకు వార్నిష్ పూసేవారు. ఇవన్నీ నివాసి నెత్తిన పడే పనులే. అసలు మార్పు జిగురు కుండలోనే జరగవలసి ఉంది. రెజిన్‌లో ఫార్మాల్డిహైడ్ పాలు తగ్గించడం, మెలమిన్ అనే రసాయనం కలిపి బంధాన్ని గట్టిపరచడం కర్మాగారాలకు చేతనైన పనులే. ఆరెగాన్ స్టేట్ విశ్వవిద్యాలయంలో కైచాంగ్ లీ, సముద్రపు ఆల్చిప్పలు నీటిలోనే రాతికి అతుక్కునే తీరును గమనించి రూపొందించిన సోయా జిగురు 2005 నాటికి ప్లైవుడ్ కర్మాగారాల్లోకి వచ్చింది; ఒకనాడు పక్కకు నెట్టిన సోయా ఇలా తిరిగి చోటు సంపాదించుకుంది.

కాలిఫోర్నియా 2007లో ఆమోదించిన నియమాల బాటలో, 2010 జూలైలో అమెరికా మొత్తానికి వచ్చిన చట్టం గట్టికలప ప్లైవుడ్‌కు 0.05, పార్టికల్ బోర్డుకు 0.09, ఎండీఎఫ్‌కు 0.11 పీపీఎం హద్దు పెట్టింది. కొత్త వాహనాల్లో వాడే పలకలకు మినహాయింపు ఇస్తూనే, విహార వాహనాలకు ఆ మినహాయింపు వర్తించదని చట్టం విడిగా చెప్పడం కత్రినా బాధితుల పోరాటం సాధించిన ఫలం. అమలు తేదీ 2018 జూన్ 1 దాకా సాగడం మాత్రం సమర్థించరాని జాప్యం. ఈలోగా నివాసానికి పనికిరావని అంటించిన హెచ్చరికలతో వేలంలో అమ్ముడైన ఫీమా ట్రైలర్లు, 2010లో అదే మెక్సికో గల్ఫ్‌లో చమురు చిందినప్పుడు శుభ్రపరిచే కూలీల బసలుగా మళ్లీ కనిపించాయి. కొత్త హద్దులు అంతకు ముందు తయారైన పలకలకు వర్తించవు గనుక, పాత ట్రైలరు కొనేవారు ధరకన్నా ముందు దాని తయారీ సంవత్సరాన్ని అడగడం అవసరం.