తీర్పునకు నోచని ఒడంబడిక

రాయపూర్ పరిసర సంస్థానాలు 1948 జనవరి 1న మధ్యపరగణాలలో విలీనమైనాయి. హైదరాబాదు నిజాం మాత్రం 1947 నవంబరు 29న భారత ప్రభుత్వంతో ఏడాదిపాటు యథాతథ ఒడంబడిక చేసుకొన్నాడు. వివాదాలను మధ్యవర్తులు పరిష్కరించాలన్నది అందులోని నిబంధన. ఆ మధ్యవర్తిత్వం జరగనేలేదు. 1948 ఆగస్టులో హైదరాబాదు భద్రతామండలికి ఫిర్యాదు చేసింది. సెప్టెంబరు 13న సైనికచర్య మొదలైంది; 17న నిజాం లొంగిపోయి, అనంతరం ఫిర్యాదును ఉపసంహరించుకొన్నాడు.

ఆ నెలలోనే పది లక్షల పౌండ్ల నిజాం ధనం లండన్‌లోని పాకిస్తాన్ హైకమిషనర్ ఖాతాకు చేరింది. దానికై నిజాం వేసిన దావాను, సార్వభౌమ రాజ్యాన్ని విచారించరాదంటూ, 1957లో బ్రిటిష్ ప్రభువుల సభ నిలిపివేసింది. 2013లో పాకిస్తానే దావా వేయగా ఆ రక్షణ తొలగింది. 2019 అక్టోబరు 2న లండన్ హైకోర్టు, సుమారు మూడున్నర కోట్ల పౌండ్లకు పెరిగిన ఆ సొమ్ము నిజాం వారసులకు, భారతదేశానికి చెందుతుందని తీర్పు చెప్పింది.

సొమ్ము ఎవరిదో తేలింది. కాని, రాజ్యాల సమ్మతి లేనిదే అంతర్జాతీయ న్యాయస్థానం విచారణకు పూనుకోజాలదు. అందుచేత ఆ ఒడంబడిక వాక్యాలకు అది అర్థం చెప్పే సందర్భమే రాలేదు; చరిత్రే చెప్పింది.