కణమా, కోశమా?

మా మనవరాలు తొమ్మిదో తరగతి చదువుతోంది. ఒడియా మాధ్యమం. మొన్నొక సాయంత్రం జీవశాస్త్రం పుస్తకం పట్టుకొచ్చి, "తాతయ్యా, కోశాన్ని తెలుగులో ఏమంటారు?" అని అడిగింది.

"కణం అంటారమ్మా, జీవకణం" అన్నాను.

"మరి కోశం తెలుగు మాట కాదా?" అంది.

ఏళ్ళ తరబడి బడిపిల్లలకు పాఠాలు చెప్పినవాణ్ణి, చప్పున జవాబు చెప్పలేకపోయాను.

కోశం మనకూ ఉన్న మాటే. కోశమంటే ఖజానా. మాటల ఖజానా గనుక నిఘంటువునూ కోశమన్నారు. పట్టుపురుగు గూడు కూడా కోశమే. అందుకే పట్టుకు కౌశేయమని పేరు. పట్టుచీరల బరంపురంలో పుట్టిన పిల్లకు ఇంతకంటే దగ్గరి మాట ఏముంటుంది? ఆ పూట పాఠం మగ్గంతోనే మొదలుపెట్టాను.

1665లో ఇంగ్లండులో రాబర్ట్ హుక్ బెండుముక్కను పలచగా కోసి సూక్ష్మదర్శినిలో చూశాడు. వరసగా చిన్న చిన్న గదులు కనిపించాయి. సన్యాసుల మఠంలో గదులకున్న పేరే వాటికీ పెట్టాడు. అవి చచ్చిన గదులు గనుక ఖాళీగా ఉన్నాయి. బతికిన గదిలో ఎంత సంసారం ఉందో తెలియడానికి మరో మూడు వందల ఏళ్ళు పట్టింది. 1831లో రాబర్ట్ బ్రౌన్ కేంద్రకానికి పేరుపెట్టాడు. 1898లో ఇటలీ వైద్యుడు కమిల్లో గాల్జీ తన పేరు మీద నిలిచిన భాగాన్ని చూశాడు. అదే ఏడు జర్మనీలో కార్ల్ బెండా మరికొన్ని రేణువులను మైటోకాండ్రియా అన్నాడు. గ్రీకులో మైటోస్ అంటే దారం, కోండ్రోస్ అంటే గింజ. చూశారా, నేతవాళ్ళ దారం అక్కడికీ చేరింది!

ఇప్పుడు మన ఊళ్ళోని ఒక నేతగాడి ఇల్లు తలచుకోండి. వాకిట్లో కాపలా కాసేది కణత్వచం. ఏది లోపలికి రావాలో, ఏది బయటికి పోవాలో అది చూసుకుంటుంది. నడిమింట్లో తాతలనాటి చీరల నమూనాలు దాచిన పెట్టె కేంద్రకం. ఆ నమూనా పేరు డి.ఎన్.ఏ. అసలు నమూనా పెట్టె దాటదు, దాని నకలే మగ్గం దగ్గరికి వెళుతుంది. ఆ మగ్గాలు రైబోసోములు, అవి నేసేది మాంసకృత్తులు. నేసినదాన్ని సరిచేసి, మూటకట్టి, ఎక్కడికి చేరాలో అక్కడికి పంపేది గాల్జీ సంక్లిష్టం. పాతబడినదాన్ని విడగొట్టేవి లైసోసోములు. ఇది ఉత్త పోలిక కాదు సుమా! పట్టుపురుగు గ్రంథిలోని కణాలు తయారుచేసిన మాంసకృత్తే మన మగ్గాల మీద పట్టుదారం.

సరే, పని జరగాలంటే కూలి చెల్లించాలి కదా? కణం చెల్లించే నాణెం పేరు ఏ.టి.పి. 1929లో దాన్ని కండరాల్లోంచి వేరుచేసి చూపినవారు జర్మనీలో కార్ల్ లోమన్, అమెరికాలో హార్వర్డులో సైరస్ ఫిస్కే, మన ఎల్లాప్రగడ సుబ్బారావు. మన వి.వి.గిరి బరంపురంలో పుట్టింది 1894 ఆగస్టులో. సుబ్బారావు భీమవరంలో పుట్టింది 1895 జనవరిలో. అప్పటికి గంజాం, భీమవరం రెండూ మద్రాసు రాజధానిలోవే. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడ్డాకే మధ్యన గీత పడింది.

మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు కట్టినందుకు సుబ్బారావుకు పూర్తి పట్టా దక్కలేదు, ఎల్.ఎం.ఎస్.తో సరిపెట్టారు. తరవాత అమెరికా వెళ్ళాడు. హార్వర్డులో స్థిరమైన ఉద్యోగమూ దొరకలేదు. 1940లో లెడర్లే మందుల కంపెనీలో చేరాడు. ఏ.టి.పి. ముఖ్యంగా మైటోకాండ్రియాలోనే తయారవుతుందని కెనెడీ, లెనింజర్ తేల్చింది 1948లో. ఆ ఏడు ఆగస్టులోనే సుబ్బారావు కన్నుమూశాడు. నాణెం చూపినవాడు పోయిన ఏడే టంకసాల దొరికిందన్నమాట!

మన గంజాం తీరానికి బోదకాలు కొత్త కాదు. ఆ జబ్బుకు ఇంటింటా పంచిన డి.ఇ.సి. మాత్ర లెడర్లేలో ఆయన నడిపిన పరిశోధన ఫలమే. ఆ మాత్ర మింగినవాళ్ళలో ఆ పేరు ఎరిగినవాళ్ళు ఎందరు?

అంతా విని మా మనవరాలు, "అయితే కోశం అన్నదే బాగుంది తాతయ్యా, ఖజానాలో నాణేలుంటాయి కదా" అంది. నిజమే. ఒడియావారి మాట లోపలి సంపదను చెబుతుంది, మన కణమన్న మాట దాని చిన్నతనాన్ని చెబుతుంది. రెండూ తెలిసిన పిల్లకు రెండు కళ్ళు. పరీక్షలో ఒడియాలోనే రాయాలి, రాయనీయండి. నోటుపుస్తకంలో కోశం పక్కన కణం అని కూడా రాసుకుంది, కానీ ఒడియా లిపిలో. తెలుగు అక్షరాలు ఇంకా రావు. ఆ రాత్రే పలక తెప్పించాను. దిద్దించిన మొదటి మాట కణం.