కాలానికి ముందా, కాలంలోనా? – చరణ్‌జిత్ సింగ్ రాగ-డిస్కో ప్రయోగం

‘కాలానికి ముందే వచ్చిన కృతి’ అనే ప్రశంస సాహిత్య చరిత్రలోనూ, కళా చరిత్రలోనూ తరచుగా వినిపిస్తుంది. అయితే అది కృతి పుట్టుకను వివరించదు. తర్వాతి తరం దానిని గ్రహించిన తీరును మాత్రమే తెలుపుతుంది. ఈ భేదాన్ని పరిశీలించడానికి 1982లో వెలువడిన ‘సింథసైజింగ్: టెన్ రాగాస్ టు ఎ డిస్కో బీట్’ అనువైన ఉదాహరణ.

దీనిని రూపొందించిన చరణ్‌జిత్ సింగ్ బొంబాయి చలనచిత్ర వాద్యబృందాలలో గిటారు, సింథసైజర్ వాయించిన కళాకారుడు. గ్రామఫోన్ కంపెనీ ఆఫ్ ఇండియా విడుదల చేసిన ఈ రికార్డులో భైరవి, లలిత్, యమన్ మొదలైన పది హిందుస్తానీ రాగాలున్నాయి. వాటిలో భూపాలీ, మాల్కౌంస్ కర్ణాటక సంగీతంలోని మోహన, హిందోళ రాగాలకు సమానమైనవి. రాగాలాపనకు జూపిటర్-8, మంద్రస్థాయి స్వరాలకు టి.బి.-303, లయకు టి.ఆర్.-808 అనే రోలాండ్ సంస్థ యంత్రాలను ఆయన వినియోగించారు. ఆనాడు ఈ రికార్డుకు ఆదరణ లభించలేదు.

నెదర్లాండ్స్‌కు చెందిన రికార్డుల సేకర్త ఎడో బౌమన్ దీనిని వెలికితీసి 2010లో పునర్ముద్రించిన తర్వాత పరిస్థితి మారింది. చికాగోలో ఫ్యూచర్ బృందం 1987లో విడుదల చేసిన ‘ఆసిడ్ ట్రాక్స్’తో ‘ఆసిడ్ హౌస్’ అనే నృత్యసంగీతం రూపుదిద్దుకుంది. మైకం గొలిపే పునరావృత్తి దాని లక్షణం. ఆ లక్షణం అయిదేళ్ల ముందే బొంబాయి రికార్డులో కనిపించడంతో, చరణ్‌జిత్ సింగే ఆ ప్రక్రియకు ఆద్యుడన్న వాదం బయలుదేరింది. అయితే ఈ వాదానికి ఆధారం రెండింటి పోలికే గాని, ఒకదానిపై మరొకదాని ప్రభావం కాదు.

పోలికకు కారణాలు రెండు. మొదటిది యంత్రం. టి.బి.-303 పదహారు మెట్లలో కూర్చిన స్వరాలను అలుపు లేకుండా తిప్పి వాయిస్తుంది. ఒక స్వరం నుంచి మరొక స్వరానికి జారే సౌలభ్యం కూడా అందులో ఉంది. రెండవది రాగస్వభావం. రాగంలో పాశ్చాత్య సంగీతంలోవలె స్వరసముదాయాలు మారవు. షడ్జమం ఆధారంగా ఆరోహణావరోహణల పరిధిలోనే సంచారం సాగుతుంది. అందువల్ల తిరిగి తిరిగి వచ్చే మంద్రస్వరాలు రాగానికి అడ్డు రాలేదు. జారుడుకు మన సంగీతంలో ముందే స్థానమున్నది. చికాగో కళాకారులు మరో మార్గంలో అదే యంత్రం నుంచి అటువంటి ఫలితాన్నే రాబట్టారు.

ఇక డిస్కో ఆనాటి అభిరుచే. ‘కుర్బానీ’ (1980) పాటలు దానిని దేశమంతటా వ్యాపింపజేశాయి. ఆ అభిరుచిని అనుసరించడంలో కొంత నష్టమూ జరిగింది. ప్రాతఃకాలపు లలిత్‌కూ, రాత్రివేళ పాడే మాల్కౌంస్‌కూ ఒకే విధమైన లయ అమరింది. విలంబిత ఆలాపనకు చోటు లేకపోయింది.

కనుక ఈ కృతి తన కాలానికి ముందున్నది కాదు. ఆ కాలపు చలనచిత్ర వాద్యానుభవం, డిస్కో మోజు, కొత్త యంత్రాలు కలిసిన చోట పుట్టినది. దానిని ‘ముందు’ అనడం చికాగోను గమ్యంగానూ, బొంబాయిని ఆ దారిలో ఒక మజిలీగానూ భావించడమే. మరుగునపడిన కృతులను పునర్మూల్యాంకనం చేసే సాహిత్య చరిత్రకారులకూ ఈ జాగ్రత్త అవసరం: ఆలస్యంగా లభించిన గుర్తింపును కృతి స్వభావంగా పొరబడరాదు.