నకలు మీద ఐదు తేదీలు

మీ ఇంట్లో పాత బీరువాలో కోర్టు తీర్పు నకలు ఏదైనా ఉంటే ఒకసారి బయటికి తీయండి. తీర్పు సంగతి పక్కన పెట్టి, దాని మీద వేసిన రబ్బరు ముద్ర చూడండి. నకలు కోసం దరఖాస్తు పెట్టిన తేదీ, రుసుము కట్టమన్న తేదీ, కట్టిన తేదీ, నకలు సిద్ధమైన తేదీ, చేతికిచ్చిన తేదీ. మసకబారిన సిరాలో ఐదు తేదీలు. గెలిచినవాళ్లకు వాటితో పని లేదు. ఓడినవాళ్ల అప్పీలు మాత్రం వాటి మీదే ఆధారపడి ఉంటుంది. ఆ తేదీలను కనిపెట్టుకుని ఉండే మనిషి పేరు కాగితం మీద ఎక్కడా కనబడదు. ఊళ్లో ఆయన్ని ప్లీడరుగారి గుమాస్తా అనేవారు. ఈ రోజు హైదరాబాదులోని పెద్ద లా ఆఫీసుల్లో అదే పనిలో చాలాభాగం చేసేవారిని లీగల్ సెక్రటరీ అంటున్నారు.

ఆ లెక్క ఎలా సాగుతుందో చూడండి. కింది కోర్టు తీర్పు మీద జిల్లా కోర్టుకు అప్పీలు వేయడానికి గడువు 30 రోజులు, హైకోర్టుకైతే 90. కాలపరిమితి చట్టం 12వ సెక్షను ప్రకారం నకలు తెచ్చుకోవడానికి పట్టిన కాలాన్ని ఆ గడువులోంచి మినహాయిస్తారు. మార్చి 1న తీర్పు వచ్చింది, 5న నకలుకు దరఖాస్తు పెట్టారు, 20న నకలు సిద్ధమైంది అనుకుందాం. మధ్యలో పోయిన 16 రోజులు కలిసొచ్చి, మార్చి 31న ముగియాల్సిన గడువు ఏప్రిల్ 16 దాకా సాగుతుంది. అయితే ఇందులో ఒక మెలిక ఉంది. కోర్టు వల్ల జరిగిన ఆలస్యమే మినహాయింపులోకి వస్తుంది. రుసుము 12న కట్టమంటే 15న కట్టారా, ఆ మూడు రోజులూ మనవే. సిద్ధమైన నకలును వారం తర్వాత తెచ్చుకున్నారా, ఆ వారమూ మనదే. అందుకే తీర్పు చదివిన సాయంత్రమే నకలు దరఖాస్తు పెట్టేసి, మర్నాటి నుంచి రోజూ నోటీసు బోర్డు చూసి వచ్చేవాడే పనితనం ఉన్న గుమాస్తా. కక్షిదారు ఓటమి దుఃఖంలో ఇంటికి వెళ్లిపోయిన వేళ ఆయన పని మొదలయ్యేది.

గుమాస్తా అన్నది పారశీకం నుంచి వచ్చిన మాట. ఒకరి తరఫున పని చూడటానికి నియమించినవాడు అని అర్థం. నేతగాళ్ల దగ్గర బట్టలు సేకరించడానికి ఈస్టిండియా కంపెనీ పెట్టుకున్న మనుషులనూ గుమాస్తాలే అన్నారు. 1802లో మద్రాసు ప్రెసిడెన్సీలో జిల్లా కోర్టులు ఏర్పడ్డాక ఈ మాట కోర్టు వసారాల్లోనూ స్థిరపడింది. వకీలు, వకాలత్నామా, దావా, జప్తు, అమీను, నాజరు, సిరస్తదారు, ముద్దాయి... నవాబుల కచేరీల నుంచి వచ్చిన మాటలతో ఇంగ్లీషు దొరల న్యాయం నడిచింది. 1862లో మద్రాసు హైకోర్టు వచ్చింది. ప్లీడర్లలో గ్రేడులు ఉండేవి, పరీక్ష రాసి మెట్టు ఎక్కేవారు. టంగుటూరి ప్రకాశం పంతులు రాజమండ్రిలో సెకండ్ గ్రేడు ప్లీడరుగా పేరు తెచ్చుకుని, ఆ తర్వాత ఇంగ్లండు వెళ్లి బారిస్టరయ్యారు. ప్లీడరుకు అలా మెట్లున్నాయి. పక్కనే నిలబడి దావా కట్ట మోసిన గుమాస్తాకు మెట్టు లేదు, పరీక్ష లేదు, నేర్చుకున్నదానికి కాగితం లేదు. నాకు ఈ చరిత్రలో మనసుకు ముల్లులా గుచ్చుకునే సంగతి ఇదే.

నేర్చుకోవలసింది తక్కువేమీ కాదు. దావా తయారైతే దాన్ని సిరస్తదారు ముందు పెట్టాలి. ఆయన కోర్టు ఫీజు స్టాంపు సరిపోయిందా, ఆస్తి విలువ సరిగా కట్టారా, షెడ్యూల్లో సరిహద్దులు నాలుగూ ఉన్నాయా, వెరిఫికేషన్ కింద సంతకం పడిందా అని చూసి, ఒక్కటి తప్పినా తిప్పి పంపుతాడు. తిప్పి పంపిన దావాను సరిచేసి ఇచ్చిన గడువులో మళ్లీ వేయాలి. నంబరు పడ్డాక సమన్లకు బత్తా కట్టాలి, అవి ప్రతివాదికి అందాయో లేదో నాజరు దగ్గర కనుక్కోవాలి, వాయిదా తేదీ డైరీలో ఎక్కించాలి, కక్షిదారుకు కబురు పంపాలి.

పల్లెల నుంచి వచ్చే దావాల్లో ప్రామిసరీ నోటు కేసులు ఎక్కువ. నోటుకు ఆయుష్షు మూడేళ్లు. ఈలోగా అప్పు తీసుకున్నవాడు ఎంతో కొంత చెల్లించి, నోటు వెనక తన చేత్తో చెల్లు రాసి సంతకం పెడితే ఆ రోజు నుంచి మళ్లీ మూడేళ్లు. అందుకని కక్షిదారు నోటు తెచ్చి బల్ల మీద పెట్టగానే గుమాస్తా ముందువైపు చదవడు. తిరగేసి వెనకవైపు చూస్తాడు. కాలదోషం పట్టిందో లేదో ఆ ఒక్క చూపులో తేలుతుంది.

ఇంకో విద్య పాత రాత చదవడం. మన తాతల కాలం దస్తావేజులు గొలుసుకట్టు రాతలో ఉంటాయి. కలం ఎత్తకుండా అక్షరానికి అక్షరం అల్లుకుంటూ పోయే ఆ రాత, ఇవాళ తెలుగు బాగా చదువుకున్నవాళ్లకు కూడా కొరుకుడు పడదు. తేదీల దగ్గర ఇంకో చిక్కు. సర్కారు జిల్లాల రెవెన్యూ లెక్కలు ఫసలీల్లో నడిచాయి. ఫసలీకి 590 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది, కాని ఏడాది మొదలయ్యేది జూలైలో. నిజాం రాజ్యంలో ఫసలీ అక్టోబరులో మొదలై, ఆజూర్, దై, బహ్మన్ అంటూ పారశీక నెలలతో నడిచింది. హైదరాబాదు సంస్థానంలో జాగీర్లు రద్దయింది 1949 ఆగస్టులో. ఆ రెగ్యులేషను పేరులో మాత్రం 1358 ఫసలీ అనే ఉంటుంది. తెలంగాణ భూమి తగాదాల్లో నేటికీ 1954-55 నాటి భూమి రికార్డు ఖాస్రా పహాణీ దగ్గరే వాదన ఆగుతుంది. దాని వెనకటి సర్వే రికార్డు సేత్వార్ చదవాలంటే ఉర్దూ కావాలి. 1884లో నిజాం రాజ్యంలో పారశీకం పోయి ఉర్దూ కోర్టు భాష అయింది. ఉర్దూ, పారశీకాల్లో పండితుడని పేరున్న బూర్గుల రామకృష్ణారావు ఆ కోర్టుల్లో వకీలుగా ఎదిగి, తర్వాత హైదరాబాదు రాష్ట్ర ముఖ్యమంత్రి అయ్యారు. 1948 తర్వాత అక్కడి కోర్టుల్లోకి ఇంగ్లీషు వచ్చింది. ఉర్దూలో తల పండిన గుమాస్తాలు ఆ వయసులో మళ్లీ అక్షరాభ్యాసం చేయాల్సి వచ్చింది.

అనువాదం గురించీ చెప్పాలి. పిఠాపురం జమీందారీ వ్యాజ్యాలు 1899లోనూ 1918లోనూ లండనులోని ప్రివీ కౌన్సిల్ దాకా వెళ్లాయి. అక్కడి ప్రభువులకు తెలుగు రాదు. ఏ దస్తావేజైనా ఇంగ్లీషులోకి మారి, అచ్చయి, పుస్తకంగా కట్టుకుని సముద్రం దాటాలి. స్వార్జితమా పిత్రార్జితమా అన్న ఒక్క మాటను అనువాదకుడు తడబడి రాస్తే ఎస్టేటు చేతులు మారిపోగలదు. ప్రివీ కౌన్సిల్ అధికారం 1949లో పోయింది, అవసరం పోలేదు. రాజ్యాంగం 348వ అధికరణం ప్రకారం హైకోర్టులో వ్యవహారం ఇంగ్లీషులో నడవాలి కనుక, మండలాఫీసులో తెలుగులో పుట్టిన కాగితం నేటికీ ఎవరో ఒకరి చేతిలో ఇంగ్లీషు కావలసిందే.

ఇరవయ్యో శతాబ్దంలో వసారాలోకి టైపు మిషను వచ్చింది. చేత్తో నకళ్లు రాసే కాలం పోయి, కార్బన్ కాగితాలు పెట్టి ఒక్క దెబ్బకు నాలుగైదు ప్రతులు తీసే కాలం వచ్చింది. 1955లో గోద్రెజ్ మిషను మన దేశంలోనే తయారైంది. తాలూకా ఊళ్లలో సైతం టైపు ఇన్‌స్టిట్యూట్లు వెలిశాయి. కోర్టు గోడ పక్కన చెట్టు నీడలో చిన్న బల్ల, మిషను, స్టూలు వేసుకుని జాబ్ టైపిస్టులు కూర్చునేవారు. పేజీకింత అని తీసుకునేవారు. ఐజక్ పిట్‌మన్ 1837లో ప్రచురించిన షార్ట్‌హ్యాండు గీతలు తెలుగు ఊళ్లలో వేలమంది పిల్లలు దిద్దుకున్నారు. గుమాస్తాకు దొరకనిది టైపిస్టుకు దొరికింది: సాంకేతిక విద్యామండలి పరీక్ష, సర్టిఫికెట్. ఇంగ్లీషు టైపు లోయర్‌కు నిమిషానికి 30 మాటలు, హయ్యర్‌కు 45. షార్ట్‌హ్యాండు లోయర్ 80, హయ్యర్ 120. జిల్లా కోర్టుల స్టెనోగ్రాఫరు ఉద్యోగాలకు నేటికీ అడిగేవి ఈ హయ్యర్ పరీక్షలే. ఆడవాళ్లు వకీలు వృత్తిలోకి రావచ్చని 1923లో చట్టం చెప్పింది. కాని మామూలు ఇళ్ల ఆడపిల్లలకు కోర్టు ప్రపంచంలోకి దారి ఎక్కువగా టైపు మిషను వైపునుంచే తెరుచుకుంది. దాని గురించి రాసినవాళ్లు తక్కువ.

హైకోర్టు కదిలినప్పుడల్లా ఈ మనుషులూ కదిలారు. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డాక 1954లో హైకోర్టు గుంటూరులో మొదలైంది, రాజధాని మాత్రం కర్నూలు. 1956లో అది హైదరాబాదుకు వెళ్లి, మూసీ ఒడ్డున 1920లో ప్రారంభమైన ఎర్రరాతి భవనంలో చేరింది. 2019 జనవరి 1న ఆంధ్రప్రదేశ్ హైకోర్టు మళ్లీ వేరుపడి అమరావతి చేరింది. న్యాయమూర్తుల ప్రమాణ స్వీకారాలు పత్రికల్లో వచ్చాయి. కేసు కట్టలు విడదీసి, ఏ జిల్లాది ఏ రాష్ట్రానికో సరిచూసి, ఇల్లు మార్చి, పిల్లల్ని కొత్త బళ్లో వేసిన గుమాస్తాల సంగతి రాలేదు.

ఇప్పటి మాటకొస్తే, ఈ-కోర్టుల పథకం 2007లో మొదలైంది. మూడో దశకు 2023లో కేంద్రం 7,210 కోట్ల రూపాయలు ఇచ్చింది. ప్రతి కేసుకూ 16 అక్షరాల సీఎన్ఆర్ నంబరు ఉంది, వాయిదా ఫోన్లోనే కనబడుతుంది. ఈ పనిలోకి రావాలనుకునే పిల్లలు నన్ను అడిగితే ముందు రెండు పొరపాట్లు తీసేస్తాను. లీగల్ సెక్రటరీ వేరు, కంపెనీ సెక్రటరీ వేరు. రెండోదానికి 1980 చట్టం కింద ఉన్న సంస్థ పరీక్షలు గట్టెక్కాలి. న్యాయసేవాధికార సంస్థల పారా లీగల్ వాలంటీరు సేవ కూడా వేరే సంగతి. ఆ తర్వాత చెప్పేది: తెలుగు యూనికోడులోనూ ఇంగ్లీషులోనూ చూడకుండా టైపు చేయడం నేర్చుకోండి. స్కాన్ చేసిన కాగితాల్ని పేజీ నంబర్లు, బుక్‌మార్కులతో ఒక్క పీడీఎఫ్‌గా కట్టడం నేర్చుకోండి. సివిల్ ప్రొసీజర్ కోడు మొత్తం అక్కర్లేదు. దావా, జవాబు దావా, అమలు దరఖాస్తు, కేవియట్లకు సంబంధించిన భాగాలు, కాలపరిమితి చట్టం చివర ఉన్న పట్టిక బల్ల మీద ఉండాలి. జవాబు దావాకు 30 రోజులు, కోర్టు దయతలిస్తే 90. మన మాట వినకుండా ఉత్తర్వు ఇవ్వొద్దని ముందే వేసే కేవియట్ బతికేది 90 రోజులు. వీలుంటే ఒక పాత గుమాస్తా దగ్గర ఆర్నెల్లు కూర్చోండి. గొలుసుకట్టు చదవడం ఏ కోర్సులోనూ చెప్పరు. అది వచ్చినవాళ్లు ఏటేటా తగ్గిపోతున్నారు. వచ్చినవాళ్లను భూమి కేసులు చూసే లాయర్లు వెతుక్కుంటూ వస్తారు. డిగ్రీ ఉంటే మూడేళ్ల లా కోర్సు చేసి నల్లకోటు వేసుకోవచ్చు, స్టెనో అయితే కోర్టు ఉద్యోగంలో మెట్లు ఎక్కవచ్చు. అప్పట్లో గుమాస్తాకు లేని దారులు ఇప్పుడున్నాయి.

కాలపరిమితి చట్టంలోనే 4వ సెక్షను ఒకటుంది. గడువు చివరి రోజు కోర్టుకు సెలవైతే, తెరిచిన రోజున వేసినా చెల్లుతుంది. మే నెలంతా మూసిన సివిల్ కోర్టు జూన్‌లో తెరిచే పొద్దున ఏ జిల్లా కోర్టు దగ్గరికైనా వెళ్లి చూడండి. కక్షిదారులు రారు, లాయర్ల కార్లు ఇంకా వచ్చి ఉండవు. ఫైలింగు కిటికీ తలుపు తీయకముందే చేతిసంచుల్లో కట్టలు పట్టుకుని, చొక్కా జేబులో రెండు పెన్నులతో ఓ పదిమంది నిలబడి ఉంటారు. వాళ్లలో కొందరి కట్టకు ఆ రోజే ఆఖరు.